హెడ్‌ఫోన్ ఆంప్‌కి పవర్ సప్లై మార్చాలా? విశాఖలో ఉండి తక్కువ ఖర్చులో తేల్చుకునే వరస

బల్ల మీద ఒక డాక్ (కంప్యూటర్ నుంచి వచ్చే డిజిటల్ సిగ్నల్‌ని ఆడియోగా మార్చే పెట్టె), ఒక హెడ్‌ఫోన్ ఆంప్ (ఆ ఆడియోని హెడ్‌ఫోన్‌కి సరిపడా పెంచే పెట్టె), పక్కన కంప్యూటర్ పెట్టుకుని పాటలు వినేవాళ్లందరికీ ఏదో ఒక రోజు ఈ ఆలోచన వస్తుంది. ఆంప్‌తో పాటు వచ్చిన ఆ నల్ల అడాప్టర్ తీసేసి, లీనియర్ పవర్ సప్లై (పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌తో నడిచే రకం) ఒకటి తగిలిస్తే సౌండ్ బాగుపడుతుందా అని. అమ్మేవాళ్లు బాగుపడుతుందనే చెబుతారు. నన్నడిగితే ఎక్కువ మందికి ఏ తేడా ఉండదు. కొందరికి మాత్రం నిజంగానే ఉంటుంది. ఆ కొందరిలో కూడా చాలామందికి వేల రూపాయల పెట్టె అక్కర్లేదు, కొన్ని వందల సామానుతో పని అయిపోతుంది. మీరు ఏ కోవలోకి వస్తారో ముందు తేల్చుకోండి, జేబులో చెయ్యి ఆ తర్వాత పెట్టొచ్చు.

మొదటి పని: ఆ చప్పుడు ఏ రకమో వినండి

రాత్రి ఇల్లు సద్దుమణిగాక కూర్చోండి. ఫ్యాన్ ఆపేయండి. విశాఖ ఉక్కలో పది నిమిషాలు కష్టమే గానీ, ఫ్యాన్ తిరుగుతుంటే సన్న చప్పుళ్లు వినబడవు. కంప్యూటర్‌లో ప్లేయర్ మూసేయండి. వాల్యూమ్ పైకి తిప్పి ఉన్నప్పుడు పొరపాటున పాట మొదలైతే చెవులు దెబ్బతింటాయి. ఇప్పుడు ఆంప్ ఆన్ చేసి, వాల్యూమ్ మెల్లగా పెంచుతూ వినండి.

సన్నగా, ఒకే తీరుగా 'సుయ్'మని వినబడితే అది ఆంప్ లోపలి హిస్. సున్నితమైన ఇయర్‌ఫోన్లతో బాగా తెలుస్తుంది. పవర్ సప్లైకీ దానికీ సంబంధం లేదు. గెయిన్ స్విచ్‌ని (ఆంప్ ఎంత పెంచాలో చెప్పేది) లో వైపు వేస్తే చాలావరకు పోతుంది. అప్పటికీ పోకపోతే ఆ ఆంప్‌కీ ఆ ఇయర్‌ఫోన్‌కీ జోడీ కుదరలేదన్నమాట, అడాప్టర్ మార్చడం దండగ.

బొంగురుగా 'గుయ్'మంటుంటే అది 50 హెర్ట్జ్, అంటే మన కరెంటు సొంత గొంతు. దీనికి ఎర్త్ లూప్ (రెండు పరికరాల ఎర్త్‌లు ఆడియో తీగ గుండా కూడా కలిసి చుట్టు కట్టడం) గానీ, అడాప్టర్ పక్కనుంచి పోతున్న ఆడియో కేబుల్ గానీ కారణం అవుతుంది. కాస్త గరుగ్గా 'జర్'మంటే 100 హెర్ట్జ్, దాని గుణిజాలు. ఏసీని డీసీగా మార్చాక సరిగ్గా వడకట్టకపోతే వచ్చేది ఇదే. పాత అడాప్టర్‌లో కెపాసిటర్ ఉబ్బినప్పుడు కూడా ఇలాగే ఉంటుంది. మౌస్ కదిపినప్పుడల్లా, గేమ్ తెరిచినప్పుడల్లా కీచుమంటూ స్వరం మారుతుంటే అది కంప్యూటర్ నుంచి యూఎస్‌బీ తీగ గుండా దిగుతోంది.

ఇవేవీ లేవా? వినే వాల్యూమ్‌లో పాట ఆపితే అంతా నిశ్శబ్దమేనా? అయితే మీ అడాప్టర్ దాని పని అది చేస్తోంది. మంచి ఆంప్‌లో బయటి నుంచి వచ్చిన కరెంటు నేరుగా ఆడియో చిప్పులకి వెళ్లదు. మధ్యలో వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్లు, దాన్ని వడకట్టే కెపాసిటర్లు ఉంటాయి. ఆ తర్వాత ఆప్-ఆంప్ (ఆడియోని పెంచే చిప్) కూడా తన సప్లైలోని మురికిని సొంతంగా తోసిపుచ్చుతుంది. ఇన్ని గడపలు దాటి మీ చెవి దాకా వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. అలాంటప్పుడు ఆ డబ్బు కొత్త ఇయర్‌ప్యాడ్ల మీద పెడితే వచ్చే తేడా చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది.

"ఎక్కువ ఆంపియర్ల అడాప్టర్ పెడితే బేస్ గట్టిగా వస్తుంది" అనే మాట ఒకటి తిరుగుతూ ఉంటుంది. లెక్క చూద్దాం. సెన్‌హైజర్ హెచ్‌డీ 650 అనే 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి కంపెనీ చెప్పే లెక్క 1 వోల్టుకి 103 డెసిబెల్స్. 110 డెసిబెల్స్, అంటే చెవులకి ప్రమాదమైనంత పెద్ద సౌండ్ కావాలన్నా సుమారు 2.2 వోల్టులు చాలు. కరెంటు ఒక్కో వైపు 7.5 మిల్లీ ఆంపియర్లు. ఆంప్ తన లోపలి అవసరాలకి వాడుకునేది దీనికి చాలా రెట్లు ఎక్కువ, అది కూడా సాధారణంగా ఒక ఆంపియర్ లోపే. అడాప్టర్ మీద 5 ఆంపియర్లు అని రాసి ఉంటే అది ఇవ్వగలిగిన గరిష్ఠం మాత్రమే. ట్యాంకులో ఎన్ని నీళ్లున్నా కొళాయి తిప్పినంతే వస్తాయి కదా, ఇదీ అంతే.

రెండో పని: రూపాయి ఖర్చు లేని పరీక్షలు

చప్పుడు ఉందని తేలింది అనుకుందాం. అది ఎటునుంచి వస్తోందో పట్టుకోవాలి. ఒక్కో మార్పూ విడిగా చేయండి. రెండు మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. తీగలు తీసేటప్పుడూ పెట్టేటప్పుడూ ఆంప్ ఆఫ్‌లో ఉండాలి, హెడ్‌ఫోన్ జాక్ బయటికి లాగి ఉండాలి.

ముందు ఆంప్ వెనక ఉన్న ఆర్‌సీఏ తీగలు (డాక్ నుంచి ఆడియో తెచ్చేవి) తీసేసి, ఆంప్‌కి కరెంటు ఒక్కటే ఉంచి వినండి. చప్పుడు అలాగే ఉంటే అనుమానం అడాప్టర్ మీద, లేదా ఆంప్ మీద. చప్పుడు పోతే తప్పు అటు డాక్, కంప్యూటర్ వైపు ఉంది. ఈ రెండో రకానికి ఆంప్ అడాప్టర్ ఎన్ని మార్చినా ఫలితం ఉండదు. అయినా జనం ముందు కొనేది అదే.

తర్వాత ల్యాప్‌టాప్ ఛార్జర్ గోడ నుంచి పీకి, బ్యాటరీ మీద నడపండి. టక్కున చప్పుడు ఆగిపోతే దొంగ దొరికినట్టే. ఛార్జర్ నుంచి లీకయ్యే కరెంటు యూఎస్‌బీ తీగ గుండా డాక్‌కీ, అక్కణ్నుంచి ఆంప్‌కీ నడుస్తోంది. ఇంట్లో మూడు పిన్నుల ఛార్జర్‌ని రెండు పిన్నుల కన్వర్టర్‌లో పెట్టి వాడుతుంటే మొదట ఆ కన్వర్టర్‌ని తీసి పారేయండి. చాలా కేసులు అక్కడే ముగుస్తాయి.

డెస్క్‌టాప్ కంప్యూటర్ అయితే ఈ పరీక్ష కుదరదు. బదులుగా ఫోన్‌ని ఓటీజీ తీగతో డాక్‌కి కలపండి, ఛార్జింగ్‌లో పెట్టకుండా. ఫోన్‌తో శుభ్రంగా ఉండి కంప్యూటర్‌తో చప్పుడు వస్తే అదే జవాబు.

గదిలో మిగతా వాటిని కూడా ఒక్కొక్కటిగా ఆపి చూడండి. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ ఒక ముఖ్యమైన నేరస్తుడు. నాబ్ సగంలో ఉన్నప్పుడు జర్రుమంటూ, ఫుల్లులో పెట్టగానే ఆగిపోతే అదే. నాసిరకం ఎల్‌ఈడీ బల్బులు, డిమ్మర్లు కూడా ఇంతే. ఇంట్లో పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే, కరెంటు పోయిన వేళ వచ్చే చప్పుడుని ఆంప్ తప్పుగా లెక్కపెట్టకండి. ఆ సమయంలో ఫ్యాన్లు కూడా గుయ్యిమంటాయి, గమనించే ఉంటారు.

12 వోల్టుల డీసీ మీద నడిచే ఆంప్ ఉన్నవాళ్లకి ఒక మంచి వెసులుబాటు ఉంది. ఇంటర్నెట్ రౌటర్‌కి పెట్టుకునే చిన్న 12 వోల్టుల యూపీఎస్ ఉంటే దాన్ని గోడ నుంచి పీకి, ఆంప్‌కి తగిలించండి. లోపల ఉన్నది లిథియం బ్యాటరీ కాబట్టి గోడకీ ఆంప్‌కీ మధ్య తీగ బంధమే ఉండదు. అప్పుడు చప్పుడు పోతే పవర్ సప్లై మార్చడంలో అర్థం ఉంది. అప్పుడూ పోకపోతే లేదు. కొనే ముందు ఈ ఒక్క పరీక్ష చేస్తే చాలా డబ్బు మిగులుతుంది. 5 వోల్టుల డాక్ అయితే ఇదే పని పవర్ బ్యాంక్‌తో చేయండి.

ఆ లీకేజీ ఎక్కడిది?

ఫోన్ ఛార్జర్లు, చిన్న అడాప్టర్లు ఈ రోజుల్లో దాదాపు అన్నీ ఎస్ఎంపీఎస్ రకం, అంటే కరెంటుని చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వోల్టేజీ దించేవి. వాటి లోపల కరెంటు వైపునీ డీసీ వైపునీ కలుపుతూ వై-కెపాసిటర్ అనే చిన్న భాగం ఉంటుంది. రేడియో తరంగాల గోల తగ్గించడానికి అది అవసరమే. కానీ దాని గుండా కొంచెం ఏసీ అవతలికి పోతుంది. 2.2 నానోఫారడ్ కెపాసిటర్‌కి మన 230 వోల్టులు, 50 హెర్ట్జ్ మీద లెక్కేస్తే సుమారు 160 మైక్రో ఆంపియర్లు. ఎర్త్ పిన్ను లేని అడాప్టర్లకి ఐఈసీ 60950 అనే పాత భద్రతా ప్రమాణం పెట్టిన హద్దు 250 మైక్రో ఆంపియర్లు కాబట్టి ప్రాణానికి ముప్పు లేదు. కానీ ఆంప్ మెటల్ డబ్బా మీద వేలు రాస్తే సన్నగా గరగరమని తగులుతుంది, టెస్టర్ పెడితే ఎర్రగా మినుకుమంటుంది. ఆ కరెంటు ఆర్‌సీఏ తీగ గ్రౌండ్ మీదుగా నడిచినప్పుడే గుయ్‌మనేది.

అమెరికా రివ్యూలు చదివి ఇక్కడ కొనేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. వాళ్ల గోడలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అదే కెపాసిటర్ గుండా మన దగ్గర లీకయ్యేది వాళ్లకన్నా దాదాపు 1.6 రెట్లు. అక్కడ వినబడని చప్పుడు ఇక్కడ వినబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

దీన్ని తగ్గించే దారులు, చవకైన వాటి నుంచి చెబుతాను. కంప్యూటర్, మానిటర్, డాక్, ఆంప్ అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెండి. ఒకటి ఈ గోడకీ ఇంకొకటి ఆ గోడకీ ఉంటే రెండు సాకెట్ల ఎర్త్‌ల మధ్య ఉండే చిన్న వోల్టేజీ తేడా వల్ల కొంత కరెంటు మీ ఆడియో తీగ గుండా పారుతుంది. రెండోది, డాక్‌కి ఆప్టికల్ ఇన్‌పుట్ ఉండి, కంప్యూటర్‌కి ఆప్టికల్ ఔట్‌పుట్ ఉంటే ఆ తీగ వాడండి. అందులో వెళ్లేది వెలుతురు కాబట్టి గ్రౌండ్ బంధం తెగిపోతుంది, ఖర్చు వందల్లోనే. మూడోది యూఎస్‌బీ ఐసొలేటర్, అంటే డేటాని పోనిచ్చి తీగ బంధాన్ని మాత్రం తెంపే చిన్న పెట్టె. ఏడీయూఎం4160 చిప్‌తో వచ్చే చవక రకం యూఎస్‌బీ ఫుల్ స్పీడ్ వరకే, అంటే సెకనుకి 12 మెగాబిట్లు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వరకు నడుస్తుంది, అంతకు మించి కావాలంటే హై స్పీడ్ రకం కొనాలి, అది ఖరీదు. హై స్పీడ్ మోడ్ తప్ప ఒప్పుకోని డాక్‌లు చవక రకంతో అసలు కనెక్ట్ కావు, కొనేముందు చూసుకోండి.

ఇంకా ముందు అసలు మీ ఇంటి ఎర్త్ ఉందో లేదో తెలియాలి. మన వైపు పాత ఇళ్లలో ఎర్త్ అంటే బొగ్గు, ఉప్పు వేసి పాతిన జీఐ పైపు. సముద్రానికి దగ్గరగా ఉన్న కాలనీల్లో ఆ పైపూ, దానికి బిగించిన తీగా తుప్పు పట్టి ఎర్త్ పేరుకే మిగులుతుంది. వేసవిలో గుంత ఎండితే మరీను. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటర్ పెట్టి చూడమనండి. మొదటిది 230 దరిదాపుల్లో, రెండోది ఒకటి రెండు వోల్టుల్లో ఉండాలి. ఈ కొలత మీరు సొంతంగా చేయొద్దు. ఎర్త్ బాగుచేయిస్తే ఆంప్ చప్పుడుతో పాటు గీజర్, వాషింగ్ మెషీన్ టెన్షన్ కూడా తగ్గుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో కళ్లు మూసుకుని పెట్టదగ్గ ఖర్చు ఇదొక్కటే.

మూడో పని: లేబుల్ చదవడం

సామాను తగలబడేది ఇక్కడే. పాత అడాప్టర్ లేబుల్ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ఆంప్ వెనక రాసి ఉన్నదీ ఫోటో తీయండి.

ఔట్‌పుట్ ఏసీయా, డీసీయా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. హెడ్‌ఫోన్ ఆంపుల్లో ఏసీ మీద నడిచేవి చాలానే ఉన్నాయి. షీట్ మ్యాగ్ని, జేడీఎస్ ల్యాబ్స్ ఆటమ్ ఆంప్, టాపింగ్ ఎల్30, 2011లో వచ్చిన ఓ2 ఆంప్ అన్నీ ఆ కోవే. వీటిలో ఏసీ పై సగం నుంచి ప్లస్ వోల్టేజీ, కింది సగం నుంచి మైనస్ వోల్టేజీ తయారవుతాయి. ఇలాంటి ఆంప్‌కి డీసీ అడాప్టర్ పెడితే ఒక వైపే కరెంటు లేస్తుంది. ఔట్‌పుట్‌లో డీసీ వచ్చి హెడ్‌ఫోన్ కాయిల్ కాలిపోయే ప్రమాదం ఉంది. అటు డీసీ ఆంప్‌కి ఏసీ పెడితే ఆంపే పోతుంది. లేబుల్ మీద అల గీత ఉంటే ఏసీ, అడ్డ గీత కింద చుక్కల గీత ఉంటే డీసీ. రెండిటికీ ప్లగ్గు ఒకే సైజులో ఉండొచ్చు, కళ్లతో పోల్చి చూసి నిర్ణయించేయకండి.

వోల్టేజీ సరిగ్గా అదే ఉండాలి. ఒకే కంపెనీ కదా అని ధీమా వద్దు. ఫియో కే5 ప్రోకి 15 వోల్టులు, కే7కి 12 వోల్టులు. టాపింగ్ డీఎక్స్3 ప్రో ప్లస్‌కి 15, ఈ30కి 5. ఆంపియర్లు మాత్రం రాసినదానికి సమానం గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు.

పోలారిటీ బొమ్మలో మధ్య చుక్క ప్లస్‌కి కలిసి ఉంటే సెంటర్ పాజిటివ్. మన సామానులో ఎక్కువ అదే. కానీ గిటార్ పెడల్స్ అడాప్టర్లు తరచుగా తిరగేసి ఉంటాయి, ఇంట్లో ఉంది కదా అని పెట్టేయకండి. ప్లగ్గు బయటి కొలత 5.5 మిల్లీమీటర్లు మామూలే, లోపలి రంధ్రం 2.1 ఉంటుంది, 2.5 కూడా ఉంటుంది. 2.1 ప్లగ్గు 2.5 పిన్ను మీదికి ఎక్కదు. 2.5 ప్లగ్గు 2.1 పిన్ను మీదికి ఎక్కుతుంది గానీ వదులుగా ఊగుతుంది, తీగ కదిలినప్పుడల్లా టప్‌మని ఆంప్ ఆగి వస్తుంది. చాలామంది దీన్ని ఆంప్ రోగం అనుకుని సర్వీస్‌కి పంపుతారు.

ఇక అమెరికా నుంచి బావగారో, మేనమామో తెచ్చిన ఆంప్ సంగతి. మన ఇళ్లలో ఇది తరచూ జరిగేదే కాబట్టి విడిగా చెబుతున్నాను. డీసీ ఎస్ఎంపీఎస్ అడాప్టర్లకి ఇన్‌పుట్ దగ్గర సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల వరకు అని ఉంటుంది, పిన్ను కన్వర్టర్ పెడితే చాలు. మ్యాగ్ని లాంటి ఏసీ అడాప్టర్ అలా కాదు. దాని లోపల ఉన్నది ఉత్త ట్రాన్స్‌ఫార్మర్. 120 వోల్టులకి చుట్టిన దాన్ని మన గోడలో పెడితే కొద్దిసేపట్లోనే కమురు వాసన వస్తుంది. దీనికి 230 వోల్టుల ప్రైమరీతో (గోడ వైపు చుట్టతో) 16 వోల్టుల ఏసీ ఇచ్చే అడాప్టర్ కొత్తది కొనాల్సిందే. 110 వోల్టుల స్టెప్-డౌన్ పెట్టె కూడా పనికొస్తుంది గానీ బల్ల కింద ఇంకో గుయ్‌మనే వస్తువు చేరినట్టవుతుంది.

నాలుగో పని: కొనడం

12 గానీ 15 గానీ వోల్టుల డీసీ ఆంప్ అయితే మొదట చూడాల్సింది మంచి కంపెనీ ఎస్ఎంపీఎస్సే. లీనియర్ తర్వాత సంగతి. తైవాన్‌కి చెందిన మీన్‌వెల్ జీఎస్‌టీ రకం డెస్క్‌టాప్ అడాప్టర్లు మన దేశంలో ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. జీఎస్‌టీ25ఏ12 అనే మోడల్ 12 వోల్టులు, 2.08 ఆంపియర్లు. మూడు పిన్నుల తీగ తగిలించే రకం కాబట్టి లీకేజీకి ఎర్త్ దారి దొరుకుతుంది, ఇంట్లో ఎర్త్ బాగుంటేనే సుమా. ఒక చిన్న చిక్కుంది. ఇలాంటి ఎర్త్ ఉన్న అడాప్టర్, ఎర్త్ ఉన్న డెస్క్‌టాప్ కంప్యూటర్ కలిస్తే కొత్త లూప్ తయారవచ్చు. అందుకే ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు అని అంతగా చెప్పింది.

ఏ అడాప్టర్ కొన్నా లేబుల్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు వెతకండి. బీఐఎస్ కేర్ అనే ఫోన్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఎవరి పేరు మీద ఉందో చూపిస్తుంది. లేబుల్ మీద ఒక కంపెనీ, యాప్‌లో ఇంకో కంపెనీ వస్తే కౌంటర్ మీద పెట్టి వచ్చేయండి.

5 వోల్టుల సామానుకి, ఉదాహరణకి ఐఫై జెన్ డాక్‌కి, బ్రాండెడ్ ఫోన్ ఛార్జరే సరిపోతుంది. ఇక్కడ అసలు కిటుకు తీగలో ఉంది. చవక యూఎస్‌బీ తీగలో తరచుగా 28 గేజి రాగి ఉంటుంది (గేజి అంకె పెరిగే కొద్దీ తీగ సన్నం), మీటరుకి దాదాపు 0.21 ఓమ్. మీటరు తీగలో పోను రాను కలిపి 0.43 ఓమ్. ఒక ఆంపియర్ లాగితే 0.43 వోల్టు తీగలోనే పోయి, డాక్‌కి చేరేది 4.57 వోల్టులే. కొన్ని డాక్‌లు అక్కడే తడబడి మధ్యలో ఆగుతాయి. అదే 24 గేజి తీగ అయితే పోయేది 0.17 వోల్టు. కాబట్టి ఛార్జర్ మీద వెయ్యి పెట్టే ముందు పొట్టి, మందపాటి తీగ మీద రెండు వందలు పెట్టి చూడండి.

15 వోల్టులు కావాల్సినవాళ్లకి ఇంకో చవక దారి ఉంది. ల్యాప్‌టాప్‌కి వచ్చిన టైప్-సి పీడీ (పవర్ డెలివరీ) ఛార్జర్‌లో 5, 9, 15, 20 వోల్టుల మెట్లు ఉంటాయి. 15 వోల్టులకి సెట్ చేసిన పీడీ ట్రిగ్గర్ తీగ (ఛార్జర్‌ని ఫలానా వోల్టేజీ అడిగే తీగ) కొంటే అదే ఛార్జర్ ఆంప్‌కి పనికొస్తుంది. 12 వోల్టుల మెట్టు అన్ని ఛార్జర్లలో ఉండదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. తగిలించే ముందు మల్టీమీటర్ పెట్టి చూడటం తప్పనిసరి. ట్రిగ్గర్ తప్పుగా 20 అడిగితే ఆంప్ పని అయిపోతుంది.

ఇప్పుడు లీనియర్ సంగతికి వద్దాం. దాని అసలు లాభం రెండు చోట్ల ఉంది. స్విచ్చింగ్ గోల ఉండదు, ట్రాన్స్‌ఫార్మర్ బాగుంటే లీకేజీ బాగా తక్కువ. నష్టం వేడి. 12 వోల్టుల సెకండరీని (ట్రాన్స్‌ఫార్మర్ ఔట్‌పుట్ వైపు చుట్టని) డీసీగా మారిస్తే డయోడ్లు పోను సుమారు 15.6 వోల్టులు వస్తాయి. అందులోంచి 12 ఇచ్చేటప్పుడు మిగిలిన 3.6 వోల్టులు, ఒక ఆంపియర్ దగ్గర, 3.6 వాట్ల వేడిగా మారతాయి. తయారీదారు 15 వోల్టుల సెకండరీ వేసి ఉంటే ఆ వేడి 7.8 వాట్లు. మే నెలలో మూసిన అల్మరాలో పెడితే లోపలి కెపాసిటర్లు తొందరగా ముసలివైపోతాయి.

కొనేటప్పుడు బరువు చూడండి. 50 వీఏ రింగు ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే కిలోకి దగ్గరగా తూగుతుంది. 'లీనియర్' అని రాసి ఉన్న పెట్టె మొత్తం కలిపి పావు కిలో ఉంటే లోపల ఏముందో ఊహించుకోవచ్చు. వెనక 115, 230 మార్చే స్విచ్ ఉంటే ప్లగ్గు పెట్టకముందే 230 వైపు ఉందో లేదో చూడండి. ఆలీఎక్స్‌ప్రెస్ మీద 2020 నవంబరులో మన ప్రభుత్వం నిషేధం పెట్టాక చాలామంది ఇక్కడి రీసెల్లర్ల దగ్గరే కొంటున్నారు. ధర ఎక్కువే, కానీ తిరిగి ఇచ్చే వీలుందా అని అడగడానికి ఒక మనిషి ఉంటాడు. నా వరకు హద్దు ఏమిటంటే, పవర్ సప్లై ధర ఆంప్ ధరలో నాలుగో వంతు దాటితే ఆగిపోవాలి. ఆ డబ్బు కలిపి ఇంకా మంచి ఆంప్‌కే వెళ్లొచ్చు.

ఎల్‌టీ3045 అనే రెగ్యులేటర్ బోర్డులు చవకగా దొరుకుతాయి. కాగితం మీద అంకెలు అదిరిపోతాయి. దాని నాయిస్ 0.8 మైక్రోవోల్టు. పాత ఎల్ఎం317 అయితే 12 వోల్టుల దగ్గర కొన్ని వందల మైక్రోవోల్టులు. కానీ ఒక చిప్ ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే. అంతకన్నా ముఖ్యంగా, ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య ఉన్న మురికినే అది తుడుస్తుంది. పైన చెప్పిన లీకేజీ రెండు తీగల మీదా కలిసి ప్రయాణిస్తుంది, ఈ బోర్డుకి అది కనబడనే కనబడదు. చప్పుడు లీకేజీ వల్ల వస్తుంటే ఈ బోర్డు పెట్టినా పెట్టకపోయినా ఒకటే.

డాబాగార్డెన్స్, జగదాంబ వైపు షాపుల్లో

ఏసీ ఆంపులవాళ్లకి ఊళ్లోనే ఒక సౌకర్యం ఉంది. ఎలక్ట్రానిక్స్ విడిభాగాల షాపుల్లో 15-0-15, ఒక ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్ అడిగితే వెంటనే తీసి ఇస్తారు. మధ్య తీగ, ఒక చివర తీగ వాడితే 15 వోల్టుల ఏసీ. లోడ్ తక్కువ ఉన్నప్పుడు అది 17, 18 దాకా పోతుంది, గోడలో 250 ఉన్న రాత్రి వేళ ఇంకా పైకి. కాబట్టి ఆంప్ మాన్యువల్‌లో గరిష్ఠం ఎంతో చూసుకున్నాకే ఈ దారి పట్టండి. ప్రైమరీ వైపు 250 మిల్లీ ఆంపియర్ల స్లో బ్లో ఫ్యూజు, మూసిన పెట్టె, తీగ లాగినా ఊడని బిగింపు ఉండాలి. 230 వోల్టుల పని అలవాటు లేనివాళ్లు రేడియో, టీవీ రిపేరు చేసేవాళ్ల చేత కట్టించుకోవడమే మంచిది.

షాపులో "12 వోల్టుల అడాప్టర్" అని మాత్రమే అడిగితే "ఏటి బాబూ, పన్నెండు వస్తే చాలదా?" అని చేతికందిన సీసీటీవీ అడాప్టర్ పెట్టేస్తారు. తీసిన ఫోటో చూపించండి. డీసీ, 12 వోల్టులు, 2 ఆంపియర్లు, మధ్య ప్లస్, ప్లగ్గు 2.1 అని ఐదూ చెప్పండి. తర్వాత కౌంటర్ మీదే మల్టీమీటర్ పెట్టమనండి. కొన్ని వందలకి దొరికే మీటర్ ఒకటి మీ సొంతానికి కొనుక్కుంటే ఇంకా మంచిది. ఎస్ఎంపీఎస్ అయితే ఖాళీగా ఉన్నప్పుడు కూడా 12కి పక్కనే చూపించాలి. 16, 17 చూపిస్తే అది రెగ్యులేషన్ లేని పాత తరహా ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్. పాత కీబోర్డులకి, మోడెమ్‌లకి వచ్చేది ఆ రకమే. 'లీనియర్' కదా అని సంబరపడి ఆంప్‌కి పెట్టేరు!

ఐదో పని: తగిలించి చూడటం

కొత్త సప్లైని ముందు ఆంప్ లేకుండా గోడకి పెట్టి, వోల్టేజీ, పోలారిటీ మరోసారి చూడండి. తర్వాత ఆంప్‌కి కలిపి, హెడ్‌ఫోన్ లేకుండా ఆన్ చేయండి. ఒక నిమిషం ఆగి, పనికిరాని పాత ఇయర్‌ఫోన్‌తో మొదట వినండి. మంచి హెడ్‌ఫోన్ ఆ తర్వాత. గంట తర్వాత అడాప్టర్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి ఉంచలేనంత కాలుతుంటే మార్చండి.

చప్పుడు పోయిందా లేదా అన్నది తేలికగా తెలుస్తుంది. "సౌండ్ విశాలమైంది" లాంటి తేడా అనిపిస్తే మాత్రం చెల్లెలినో, రూమ్మేట్‌నో సాయం పిలవండి. మీరు చూడకుండా రెండు అడాప్టర్లలో ఏదో ఒకటి పెట్టమని, మీరు చెప్పిన జవాబు కాగితం మీద రాయమనండి. మార్చిన ప్రతిసారీ హెడ్‌ఫోన్ తీసి ఉంచాలి. పదిసార్లు చేస్తే, ఉత్త ఊహతో ఏడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ సరిగ్గా చెప్పే అవకాశం నూటికి 17. తొమ్మిది గానీ పది గానీ వచ్చే అవకాశం నూటికి ఒకటి. కాబట్టి ఏడు వచ్చాయని సంబరపడొద్దు, తొమ్మిది వస్తే అడాప్టర్ ఉంచుకోండి. అంతకన్నా తక్కువైతే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపేయండి.

ఉప్పుగాలి తగిలే ఇళ్లలో, బీచ్ రోడ్డు నుంచి రుషికొండ దాకా ఎవరైనా సరే, వానాకాలం పోయాక ఒకసారి అన్ని ప్లగ్గులూ తీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక తిరిగి పెట్టాలి. డీసీ ప్లగ్గు లోపల పట్టే పొర కంటికి కనబడదు, కిటకిటమనే చప్పుడుతోనే తెలుస్తుంది. తుఫాను హెచ్చరిక వస్తే స్పైక్ గార్డు ఉంది కదా అని ఊరుకోకుండా అన్నీ గోడ నుంచి పీకేయండి. కరెంటు పోయినప్పటి కన్నా తిరిగి వచ్చే క్షణంలోనే సామాను ఎక్కువగా పోతుంది. 2014లో హుద్‌హుద్ చూసిన ఊరికి ఇది వేరే చెప్పాలా!

పాత అడాప్టర్‌ని పారేయకండి. దాని మీద ఆంప్ పేరు రాసిన టేపు అంటించి డబ్బాలో దాచండి. వారంటీలో ఆంప్ పంపాల్సి వస్తే సర్వీస్‌వాళ్లు మొదట అడిగేది అదే.